‘ముక్తి భవన్’ చూశారా? పోతానని బయల్దేరిన తండ్రి, సెలవు దొరకని కొడుకు

రెండో_ఆట:
చాలా రోజులుగా లిస్టులో పడి ఉన్న ‘ముక్తి భవన్’ ఎట్టకేలకు చూశాను. చావు మీద సినిమా అనగానే రుమాలు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. సగం సినిమా దాకా దాని అవసరమే రాలేదు. నవ్వుతూనే ఉన్నాను. పగలబడి నవ్వే నవ్వు కాదు. పెళ్లిలో పంతులుగారు మంత్రం మర్చిపోతే పక్కవాడితో కలిసి నవ్వుకుంటాం చూడండి, అలాంటిది.

తెలియనివాళ్ల కోసం కథ క్లుప్తంగా. దయానంద్ 77 ఏళ్ల పెద్దాయన. ఆయనకో కల వస్తుంది, దాంతో తన టైమ్ అయిపోయిందని గట్టిగా అనిపిస్తుంది. రాత్రి భోజనాల దగ్గర ఆ సంగతి చెప్పేసి, కాశీ వెళ్లి అక్కడే పోతానంటాడు. మంచాన పడ్డ మనిషి కాదు. నడుస్తాడు, తింటాడు, కసురుకుంటాడు. కొడుకు రాజీవ్‌ది టార్గెట్ల ఉద్యోగం, చెవి దగ్గర నుంచి ఫోన్ దిగదు. ఇంట్లో మనవరాలి పెళ్లి మాటలు నడుస్తున్నాయి. వద్దంటే పెద్దాయన వినడు. సరేనంటే తండ్రి చావుకు కొడుకు సంతకం పెట్టినట్టుంటుంది. చివరికి గోదానం చేయించి ఇద్దరూ బయల్దేరతారు.

కాశీలో ముక్తి భవన్ అనే చోట గది దొరుకుతుంది. మేనేజరు మిశ్రాజీ రూల్ చెప్పేస్తాడు: గది 15 రోజులే. ఆలోపు పోతే పోయినట్టు, లేదంటే ఖాళీ చేయాలి. ఇక్కడినుంచి రాజీవ్ అవస్థ చూడాలి. తండ్రికి నలతగా ఉంటే కంగారు. మర్నాడు లేచి కూర్చుంటే సంతోషం. ఆ వెనకే ఆఫీసు గుర్తొచ్చి నీరసం. నీరసం వచ్చినందుకు సిగ్గు. ఇవన్నీ రాజీవ్‌గా వేసిన ఆదిల్ హుస్సేన్ మొహంలో మాట లేకుండానే కనిపిస్తాయి.

దర్శకుడు శుభాశిష్ భుటియానీకి ఇదే మొదటి పూర్తి నిడివి సినిమా. 2016లో వెనిస్ చిత్రోత్సవంలో వేశారు, మన థియేటర్లలోకి 2017 ఏప్రిల్‌లో వచ్చింది. తీసేనాటికి అతనికి పాతికేళ్లు అటూ ఇటూ. ఆ వయసులో ముసలితనం గురించి ఇంత తాపీగా ఎలా ఆలోచించాడో!

నాకు తోచింది ఒకటి చెప్పి ఊరుకుంటాను. ఇందులో పోవడానికి పెద్దాయనకు పెద్ద కష్టమేం లేదు. ఆయన్ని పోనివ్వడమే కొడుకు వల్ల కావట్లేదు. సాయం కావలసింది ఎవరికి మరి?

తాటికాయ:
చావడానికి కూడా చెక్ అవుట్ టైమ్ పెట్టారన్నమాట. గడువు దాటితే ఏం చేస్తారు, సామాను బయటపెడతారా?

రెండో_ఆట:
@తాటికాయ అక్కడే ఉంది అసలు తమాషా. గడువు దాటితే మిశ్రాజీయే రిజిస్టర్లో ఇంకో పేరు రాసి ఉండనిస్తాడు. విమల అనే ఆవిడ అలా 18 ఏళ్లుగా అక్కడే ఉంది.

తాటికాయ:
ఒక పేరుతో పోవడం కుదరకపోతే ఇంకో పేరుతో ట్రై చేయడం. బాగుంది, టికెట్ కన్‌ఫర్మ్ కాకపోతే మేమూ ఇదే చేస్తాం.

కాఫీ_బ్రేక్:
నాకు మాత్రం బాగా స్లో అనిపించింది. నది, మెట్లు, పడవ, మళ్లీ నది. అవార్డు సినిమాల వరస ఇంతే. అరగంట ఎడిట్ చేసి పారేయొచ్చు.

నైట్_డ్యూటీ:
స్లోగా ఉందన్న మాట నిజమే. కానీ కాఫీ_బ్రేక్ గారూ, చావు దగ్గరకొచ్చిన మనిషి పక్కన ఎప్పుడైనా కూర్చున్నారా? నేను పాలియేటివ్ కేర్ వార్డులో, అంటే నయం కాని జబ్బులున్నవాళ్లకు బాధ తగ్గించే చోట, నర్సుని. అక్కడ ముప్పాతిక భాగం ఎదురుచూడటమే. ఏమీ జరగదు. టీ వస్తుంది, బీపీ చూస్తాం, చుట్టాలు ఫోన్ చేసి ‘ఎలా ఉన్నారు?’ అంటారు. వాళ్లు అసలు అడగాలనుకున్న ప్రశ్న ‘ఇంకా ఉన్నారా?’ అని అందరికీ తెలుసు. దూరం నుంచి వచ్చిన కొడుకు రిటర్న్ టికెట్ డేట్ మార్చుకుంటూ ఉంటాడు. మార్చాల్సి వచ్చినందుకు చిరాకు, చిరాకు పడినందుకు ఏడుపు. సినిమా చూస్తుంటే మా కారిడార్ చూసినట్టే ఉంది.

నవ్వు సంగతి కూడా నిజమే. మా దగ్గర నవ్వులు ఎక్కువ పుట్టేది పేషెంట్ల నుంచే. ఒక పెద్దాయన నన్ను పిలిచి, ‘సిస్టర్, మావాడు ఏడవాలనిపించినప్పుడల్లా బయటికెళ్లి ఎండలో నిలబడుతున్నాడు. ఏసీ గది కదా, ఇక్కడే ఏడవమనండి’ అన్నారు. ఆ మాట కొడుక్కి చేరవేశాను. ఆ అబ్బాయి లోపలికొచ్చి నవ్వాడు, తర్వాత ఏడ్చాడు, తర్వాత ఇద్దరూ పాత స్కూటర్ గురించి మాట్లాడుకున్నారు. అప్పటిదాకా ఆ గదిలో వాతావరణం గురించి తప్ప వేరే మాట లేదు.

రెండో_ఆట:
ఇలాంటి జవాబు కోసమే థ్రెడ్ పెట్టాను. థ్యాంక్స్ అండి.

లీవ్_లెటర్:
రాజీవ్ బాస్ దగ్గర సెలవు అడిగే ఘట్టం చూసి నేను నవ్వలేకపోయాను. మా నాన్నగారి చివరి రోజుల్లో నేనూ అడిగాను. హెచ్ఆర్ అమ్మాయి మంచిదే, సిస్టమ్ ఓపెన్ చేసి చూపించింది. మనిషి పోయాక సెలవుంది. పోతున్నప్పుడు లేదు. ‘సిక్ లీవ్ పెట్టుకోండి సార్’ అంది. జబ్బు నాకు కాదు కదా అంటే, ‘అయితే ఎర్న్‌డ్ లీవ్’ అంది. ఎన్నాళ్లు అని అడిగింది. ఏం చెప్పమంటారు? డేట్ వేయకుండా ఆ ఫారం సబ్‌మిట్ కాదు.

తాటికాయ:
మీ ఆఫీసులోనూ ఒక మిశ్రాజీ ఉండాల్సింది.

బలగం_బ్యాచ్:
అన్నా, ఈ టాపిక్ మీద మన ‘బలగం’ ఉండగా కాశీ దాకా ఎందుకు? 2023లో వచ్చింది, ఊళ్లల్ల తెరలు కట్టి మరీ చూశారు. కొమురయ్య పోయాక పిట్ట ముట్టకపోతే ఇంటోళ్ల పంచాయితీ అంతా బయటపడుతుంది. నవ్వు, ఏడుపు రెండూ ఒకేసారి వస్తాయి.

రెండో_ఆట:
@బలగం_బ్యాచ్ ‘బలగం’ నాకూ ఇష్టమే తమ్ముడూ. కానీ ఒక తేడా ఉంది. అందులో కొమురయ్య మొదట్లోనే పోతాడు, కథంతా పోయాక మిగిలినవాళ్ల కొట్లాట. తాత మనసులో ఏముందో ఊహించుకోవడమే, అడగడానికి ఆయన లేడు. ‘ముక్తి భవన్’లో మనిషి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. అడగొచ్చు. అయినా కొడుకు చాలాసేపు అడగడు. ఇబ్బందంతా అక్కడ.

జపాన్ వాళ్ల ‘డిపార్చర్స్’ (2008, మరుసటి ఏడాది ఉత్తమ విదేశీ చిత్రంగా ఆస్కార్ వచ్చింది) కూడా పోయాక జరిగేదే. ఉద్యోగం ఊడిన చెల్లో వాయిద్యకారుడు శవాలను శుభ్రంగా ముస్తాబు చేసి పెట్టెలో ఉంచే పనిలో చేరతాడు. నవ్వు తెప్పిస్తూనే గుండె పిండేస్తుంది. అదీ పోయినవాళ్లను సాగనంపడమే. పోబోయేవాళ్లతో కలిసి కూర్చునే సినిమాలు తక్కువ.

పాత_రీలు:
మన తెలుగు సినిమాకు చావు మీద కామెడీ కొత్త కాదు, యముడే మనకు ఆస్థాన విదూషకుడు. కానీ గమనించారా, ‘యమగోల’ (1977) అయినా, ‘యముడికి మొగుడు’ (1988) అయినా హీరో పైకి వెళ్లింది తిరిగి రావడానికే. చిత్రగుప్తుడి లెక్కలో తప్పు పట్టుకుని, దబాయించి, కిందికి దిగిపోతాడు. పోవడానికి ఒప్పుకున్న హీరో ఒక్కడూ లేడు. ఒప్పుకుంటే థియేటర్లో సీట్లు చిరుగుతాయి!

రెండో రకం ‘చక్రం’ (2005). జబ్బు దాచిపెట్టి అందరినీ నవ్విస్తూ తిరిగే కుర్రాడు. హిందీలో ‘ఆనంద్’ (1971) దగ్గర్నుంచీ ఈ బాణీ ఉంది. అక్కడ పోయేవాడే అందరికీ ధైర్యం చెప్పాలి, అతగాడికి ఒక్కరాత్రి కూడా భయం వేయకూడదు. అదేం డ్యూటీయో నాకర్థం కాదు. దయానంద్ అలా కాదు. చిరాకు పడతాడు, మొండికేస్తాడు, అన్నం బాగోలేదంటాడు. చావబోతున్నంత మాత్రాన మంచివాడైపోలేదు. అందుకే నమ్మబుద్ధేసింది.

విశాలి:
నేను కాస్త తేడాగా చెప్తాను, ఎవరూ నొచ్చుకోకండి.

సినిమా నాకూ నచ్చింది. కానీ ఒక్కసారి పాత్రలు మార్చి చూడండి. భోజనాల దగ్గర ఆ మాట అన్నది తండ్రి కాకుండా తల్లి అయితే? ‘ఊరుకో అమ్మా, పడుకో’ అని ప్లేటు తీసేసేవారు. ప్రకటించి, గోదానం చేసి, కొడుకుని వెంటబెట్టుకుని బయల్దేరగలిగే దర్జా ఆ ఇంట్లో ఆయనకే ఉంది. ఇల్లు, పెళ్లి పనులు కోడలు లత మీద పడ్డాయి. ఆవిడకు కాశీ లేదు, సెలవు అంతకన్నా లేదు.

ఇంక విమల. భర్తతో కలిసి వచ్చింది, ఆయన పోయాడు, ఈవిడ ఉండిపోయింది. సినిమాలో అందరికంటే తేలికగా నవ్వేది ఆవిడే. కానీ 18 ఏళ్లలో ఇంటి నుంచి వచ్చి ‘పద అమ్మా’ అన్నవాళ్లు ఉన్నారా? సినిమా ఆ ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగదు. నేను ఆగిపోయాను.

పాత_రీలు:
విశాలి గారూ, మంచి పాయింట్. దానికి ఒక చిన్న సంగతి కలుపుతాను. దయానంద్‌గా వేసిన లలిత్ బెహల్, విమలగా వేసిన నవనీంద్ర బెహల్ నిజజీవితంలో భార్యాభర్తలు. సినిమాలో మాత్రం చివరి మజిలీలో దొరికిన స్నేహితులు. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకునే సీన్లలో ఆ తేలిక ఎక్కడిదా అనుకున్నాను, తర్వాత తెలిసింది. లలిత్ బెహల్ 2021లో కోవిడ్‌తో పోయారు. ఆ సంగతి తెలిసి మళ్లీ చూస్తే మాత్రం రుమాలు తప్పదు.

విశాలి:
ఇది తెలియదు నాకు. మళ్లీ చూడాలి అయితే.

మోడరేటర్:
ఇక నుంచి ముగింపు గురించి రాసేవాళ్లు పోస్టు మొదట్లో ‘స్పాయిలర్’ అని పెట్టండి. కాశీలో చస్తే మోక్షం వస్తుందా రాదా అనే గొడవకు వేరే విభాగం ఉంది. ఆ రెండు పోస్టులూ అక్కడికి మార్చాను.

అరుగు_మాస్టారు:
మోడరేటర్ గారూ, మోక్షం జోలికి పోనులెండి. సినిమా చూశాను, మా మనవడు పెట్టిచ్చాడు.

మా చిన్నప్పుడు ‘కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే’ అనేవారు. రైళ్లు లేని రోజుల మాట అది. అప్పట్లో కాశీ బయల్దేరితే ఇంట్లోవాళ్లు ముందే ఏడ్చేసేవారు, ఆ మనిషి తిరిగొస్తే లాభం కింద లెక్క. సినిమాలో దయానంద్ చేసింది ఆ పాత పద్ధతే. కొడుకు మాత్రం ఈ కాలం వాడు, రిటర్న్ ఎప్పుడని అడుగుతాడు.

ఇంకో సంగతి. మనవాళ్లు కాశీ వెళ్తే ఇష్టమైన పండో కూరో అక్కడ వదిలేసి రావాలి కదా. అందరూ తెలివిగా కాకరకాయ వదిలేస్తారు. మా ఆవిడా అదే చేసింది. నేను పెద్ద నిజాయితీపరుడిలా జామపండు వదిలాను. ఇంటికొచ్చి చూస్తే పెరట్లో చెట్టు విరగకాసి ఉంది. ప్రతి ఏడూ చిలకలు తిని పోతుంటే చూస్తూ కూర్చోవడం నా వంతు. ఒక కాయ వదలడమే ఇంత కష్టమైతే మనుషుల్ని వదలడం ఎలాగండీ? ఆ దయానంద్ గారిని చూసి నాకు అసూయ కలిగింది, ఒప్పుకుంటాను.

తాటికాయ:
మాస్టారూ, మీరు జామపండు వదిలారు గానీ జామచెట్టుని వదల్లేదుగా!

అరుగు_మాస్టారు:
నువ్వు నా దగ్గర చదువుకుని ఉంటే బెంచీ ఎక్కించేవాణ్ణి.

ఘాట్_మెట్లు:
ముక్తి భవన్ ఊహించి రాసింది కాదు. కాశీలో గోధూలియా దగ్గర ‘కాశీ లాభ్ ముక్తి భవన్’ అని నిజంగానే ఉంది, 1958 నుంచి నడుస్తోంది. పాత మేడ, పది పన్నెండు గదులు. పోవడానికి వచ్చినవాళ్లను కుటుంబంతో సహా ఉండనిస్తారు, గడువు రెండు వారాలు. మరీ ఇవాళో రేపో అన్నట్టుంటే పొడిగిస్తారు. భజన చేసేవాళ్లు ఉంటారు, డాక్టర్లు ఉండరు. వైద్యం కావాలంటే అది చోటు కాదు.

అస్సీ వైపు ‘ముముక్షు భవన్’ అని ఇంకోటి ఉంది. అక్కడ ఏళ్ల తరబడి ఉండిపోయేవాళ్లు ఉన్నారు. సినిమాలో గడువు మొదటిదాన్ని గుర్తుచేస్తుంది, విమల రెండోదాన్ని. రెండింటినీ ఒక కప్పు కింద పెట్టి, మధ్యలో రిజిస్టర్ పట్టుకుని మిశ్రాజీని నిలబెట్టారని నాకనిపిస్తుంది. ఆ పాత్ర వేసిన అనిల్ రస్తోగీని చూడండి. పుణ్యాత్ముడా, గుమాస్తానా తేల్చుకోలేం.

నైట్_డ్యూటీ:
‘డాక్టర్లు ఉండరు’ అన్నారు కాబట్టి ఒక్కటి చెప్పాలి. సినిమా చూసి చివరి రోజులంటే నది, భజన, ప్రశాంతత అనుకోకండి. కొందరికి అలాగే జరుగుతుంది. చాలామందికి నొప్పి ఉంటుంది, ఊపిరాడదు, వీపు మీద పుండ్లు పడతాయి. నొప్పితో మెలికలు తిరిగే మనిషికి మీ నాలుగు మంచి మాటలు చెవికెక్కవు. ముందు నొప్పి తగ్గాలి.

నొప్పికీ ఆయాసానికీ మార్ఫిన్ ఇస్తాం. అది ఇస్తే తొందరగా పోతారని ఇంటివాళ్ల భయం. మోతాదు సరిగ్గా చూసి ఇస్తే అలా జరగదు. మన దేశంలో 1985 నాటి మత్తుమందుల చట్టం వల్ల ఆస్పత్రులు మార్ఫిన్ తెచ్చుకోవడమే గగనం అయ్యేది. 2014లో సవరణ చేశాక కొంత తేలికైంది. ఇప్పటికీ చాలా ఊళ్లలో దొరకదు.

రెండోది తిండి. శరీరం ఆగిపోయే దశలో ఆకలి దానంతటదే పోతుంది. తినకపోవడం వల్ల పోవట్లేదు, పోతున్నారు కాబట్టి తినట్లేదు. ఇది చెప్పడం నా ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన పని. ఒకావిడ భర్త నోట్లో రోజూ జావ పోసేవారు. ఆయన మింగలేక పక్కనుంచి కార్చేసేవాడు, ఆవిడ తుడిచి మళ్లీ పోసేవారు. ఊపిరితిత్తుల్లోకి వెళ్తుందమ్మా అంటే వినరు. చివరికి దూదిని నీళ్లలో ముంచి పెదాలు తడపమని చేతికిచ్చాను. ఆ పని ఎంత శ్రద్ధగా చేశారో! ఆయన నాలుక బయటపెట్టి దూదిని చప్పరించాడు. ‘జావకంటే ఇదే బాగుందంటున్నారు’ అని ఆవిడే నవ్వారు. ఆవిడ చేతికి ఏదో ఒక పని కావాలి, అంతే.

కాఫీ_బ్రేక్:
ఇదంతా సినిమాలో ఉంటే నేను స్లో అనేవాణ్ణి కాదు.

రెండో_ఆట:
@నైట్_డ్యూటీ మరి ‘వెళ్లండి, ఫరవాలేదు’ అని పోయేవాళ్లకు చెప్పాలంటారు కదా, అది నిజంగా పనిచేస్తుందా? సినిమాలో ఇది తిరగబడింది.

(స్పాయిలర్) విమల పోయాక దయానంద్ కొడుకుని ఇంటికి వెళ్లిపొమ్మంటాడు. నేను పోయేదాకా నువ్విక్కడ కూర్చోనక్కర్లేదని. అనుమతి ఇచ్చింది పోయేవాడు, తీసుకుంది ఉండేవాడు.

నైట్_డ్యూటీ:
పనిచేస్తుందా అంటే లెక్కలు చెప్పలేను. చూసింది చెప్తాను. ‘అమ్మని మేం చూసుకుంటాం, బెంగపెట్టుకోకండి’ అన్న మాట విన్నాక కొంతమంది మొహం సడలుతుంది. స్పృహ లేనట్టున్నా మేం చెవి దగ్గర మాట్లాడమనే చెప్తాం. అందరూ వెళ్లాక పోదామని ఆగినట్టుగా, భార్య కాఫీకి వెళ్లిన ఐదు నిమిషాల్లో పోయినవాళ్లూ ఉన్నారు. ఆ భార్య జీవితాంతం ఆ కాఫీని తిట్టుకుంటుంది. మేం ముందే చెప్తాం: మీరు లేనప్పుడు పోతే అది మీ తప్పు కాదు, కొందరికి అదే తేలిక.

ఇరా బయాక్ అని అమెరికాలో పాలియేటివ్ డాక్టరు ఉన్నారు. పోయేవాళ్లకూ ఉండేవాళ్లకూ మధ్య నాలుగు మాటలు జరగాలంటారు. నన్ను క్షమించు, నిన్ను క్షమించాను, థ్యాంక్స్, నువ్వంటే నాకు ప్రేమ.

లీవ్_లెటర్:
ఆ నాలుగూ మా ఇంట్లో ఎవరి నోటా ఎప్పుడూ వినలేదు. మా నాన్నగారు చివరి వారంలో నాతో స్పష్టంగా అన్న మాట, ‘నీ బండి ఇన్సూరెన్స్ డేట్ చూసుకో.’ నేను కాలేజీలో ఉండగా ఇన్సూరెన్స్ లేని బండితో పోలీసులకు దొరికాను. అప్పుడు జరిగిన గొడవకి మేం ఏళ్ల తరబడి సరిగ్గా మాట్లాడుకోలేదు. కాబట్టి నాలుగులో కనీసం రెండు మాటలు అందులోనే వచ్చేశాయని నేను లెక్క వేసుకున్నాను. ‘కట్టేశాను నాన్నా’ అన్నాను. అబద్ధం. ఆ సాయంత్రమే కట్టాను.

విశాలి:
లీవ్_లెటర్ గారూ, ఇది చదివి నవ్వాను, తర్వాత కాసేపు ఫోన్ పక్కన పెట్టాను.

బలగం_బ్యాచ్:
సేమ్ అన్నా.

పాత_రీలు:
‘మిథునం’ (2012) ఎవరూ ఎత్తలేదేంటి? (స్పాయిలర్, అయినా తెలియనివాళ్లు ఉన్నారా?) అప్పదాసు ముందు పోతాడు. బుచ్చిలక్ష్మి ఆయనే ముందు పోవాలని కోరుకుంది. తను ముందు పోతే ఈ తిండిపోతు మనిషిని భరించేవాళ్లెవరని. పసుపు కుంకుమలతో పోవాలని కోరుకోవడం మన ఇళ్లలో ఆడవాళ్లకు నేర్పిన పాఠం. మూలకథ రాసిన శ్రీరమణ గారు దాన్ని ఒక్క దెబ్బకి తలకిందులు చేశారు. ‘నువ్వెళ్లు, వెనక నేను చూసుకుంటాను’ అనడమే కదా అది. విశాలి గారి ప్రశ్నకి మన దగ్గరున్న జవాబు ఇదేనేమో.

విశాలి:
జవాబు సగమే. ఆయన పోయాక ఆవిణ్ణి చూసుకునేది ఎవరు?

పాత_రీలు:
దానికి నా దగ్గర సినిమా లేదు.

గడియారం_ముల్లు:
లాయర్ని కాబట్టి పొడిగా రెండు ముక్కలు. సినిమాలో దయానంద్ తన ఇష్టం నోటితో చెప్పగలిగాడు. వెంటిలేటర్ మీద ఉన్నప్పుడు చెప్పలేం. సుప్రీంకోర్టు 2018 మార్చి 9న ‘కామన్ కాజ్’ కేసులో, కోలుకునే ఆశ లేని స్థితిలో కృత్రిమంగా ప్రాణం నిలిపే చికిత్స వద్దని ముందే రాసిపెట్టుకోవచ్చని చెప్పింది. లివింగ్ విల్ అంటారు. మొదట్లో మేజిస్ట్రేటు సంతకం కావాల్సి వచ్చేది, దాంతో ఎవరూ ఆ జోలికి పోలేదు. 2023 జనవరిలో దాన్ని తేలిక చేశారు. ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ దగ్గర ధ్రువీకరించుకుంటే చాలు. అమలు చేసేముందు ఆస్పత్రిలో రెండు వైద్య బోర్డులు చూడాలి, ఒక్కోదానిలో ముగ్గురు డాక్టర్లు. ఇంజక్షన్ ఇచ్చి చంపమని రాస్తే చెల్లదు, అది మన చట్టంలో నేరమే.

కాగితం కంటే ముఖ్యం, మీ తరఫున మాట్లాడే మనిషి పేరు అందులో రాయడం. ఆ మనిషికి ముందే చెప్పి పెట్టడం. నా దగ్గరికి కాగితం తెచ్చేవాళ్లలో చాలామంది ఆ పేరు పెట్టిన కొడుక్కి సంగతే చెప్పరు. ‘వాడు బాధపడతాడండీ’ అంటారు.

తాటికాయ:
అంటే భోజనాల దగ్గర ప్రకటన తప్పదన్నమాట.

కాఫీ_బ్రేక్:
రెండో_ఆట గారూ, ముగింపు మీద మీరు ఏమీ రాయలేదు. (స్పాయిలర్) పాడె మోస్తూ రాజీవ్ ఏడుస్తాడు, తర్వాత చప్పట్లు కొడుతూ నడుస్తారు. నాకు అది కాస్త అతిగా అనిపించింది. సినిమా అంతా అదుపులో పెట్టుకుని చివర్లో వదిలేశాడు.

రెండో_ఆట:
నాకలా అనిపించలేదు. అంతసేపూ బిగపట్టుకున్న మనిషి ఒక్కసారి వదిలితే అలాగే ఉంటుంది. పైగా అక్కడ రాజీవ్‌ని పట్టుకుని ఆ ఉత్సాహంలోకి లాగేది కూతురు. ఆ అమ్మాయికి స్కూటర్ నేర్పింది తాత, తండ్రికి తెలియకుండా. తన పెళ్లి విషయంలో తండ్రి మాట కాదన్నదీ ఆ పిల్లే. నేను దాన్ని అలా చూశాను: పెద్దాయన కొడుకుని భయపెట్టి పెంచాడు, మనవరాలిని మాత్రం ధైర్యంగా పెంచాడు. కొడుక్కి ఇవ్వనిది మనవరాలి చేతిలో పెట్టి వెళ్లాడు.

బాజాలతో సాగనంపడం మన వైపూ చాలా కులాల్లో ఉన్నదే. డప్పు, స్టెప్పులు, పూలు చల్లడం. వింతేం కాదు.

బలగం_బ్యాచ్:
మా తాతకు బ్యాండ్ పెట్టినం. ఆయనే బతికున్నప్పుడు మాట్లాడి పెట్టిండు, అడ్వాన్సు కూడా ఇచ్చిండు. బ్యాండ్ మాస్టర్ ఆయన కన్నా ముందు పోయిండు. అడ్వాన్సు సంగతి ఇప్పటికీ తేలలే.

తాటికాయ:
ఈ థ్రెడ్ మొత్తానికి ఇదే బెస్ట్ పోస్టు.

విశాలి:
నిన్న రాత్రి మా అమ్మానాన్నలతో కలిసి మళ్లీ చూశాను. పెద్దవాళ్లకు ఇలాంటిది పెడితే ఏమనుకుంటారోనని టెన్షన్ పడ్డాను. మా నాన్న మధ్యలో ఒక్క మాట మాట్లాడలేదు. అయిపోయాక లైట్ వేసి అడిగిన మొదటి ప్రశ్న: ‘ఆ అబ్బాయికి అన్ని రోజులు లాస్ ఆఫ్ పే పడి ఉంటుందా?’

మా అమ్మ మాత్రం మెల్లగా నా పక్కకొచ్చి, బ్యాంకు లాకర్లో నామినీ ఎవరో తనకి తెలియదంది. ముప్పై ఏళ్లకు పైగా ఆ లాకర్‌కి వాళ్లిద్దరూ కలిసే వెళ్తారు. నాన్నని అడిగాను. ‘రేపు చూద్దాం’ అన్నారు. ‘రేపు ఆదివారం’ అని అమ్మ అంది. ‘అయితే సోమవారం’ అన్నారు. గడియారం_ముల్లు గారూ, ఆ లివింగ్ విల్ నమూనా ఏదైనా ఉంటే నాకు మెసేజ్ చేయండి. సోమవారం ఎలాగూ బయటికి తీసుకెళ్తున్నాను కాబట్టి రెండు పనులూ చూసుకుంటాం.

గడియారం_ముల్లు:
పంపాను. మీ అమ్మగారికీ విడిగా ఒకటి రాయించండి, ఇద్దరికీ కలిపి ఒకే కాగితం కుదరదు. సాక్షులుగా ఇంట్లోవాళ్లు కాకుండా బయటివాళ్లు అయితే మంచిది.

అరుగు_మాస్టారు:
నాకూ ఒకటి పంపించు బాబూ. అక్షరాలు పెద్దవిగా ఉండాలి.